మాస్టారి సర్వర్ ఆపిన రిపోర్టులు

నేను దెయ్యాలను నమ్మేవాణ్ణి కాదు. ఇప్పుడైనా నమ్ముతున్నానని ఒప్పుకోవడానికి మనసు రావడం లేదు. చిన్నప్పుడు మా ఉంగుటూరులో కాలవగట్టు మీద కొరివిదెయ్యం తిరుగుతోందని అందరూ భయపెడితే, దాన్ని చూడ్డానికే వెళ్ళి దోమల చేత కుట్టించుకుని వచ్చిన రకం నాది. చదివింది మైక్రోబయాలజీ. కంటికి కనబడనివి ఉంటాయని నాకూ తెలుసు. కానీ వాటిని గాజుపలక మీద పెట్టి ఎవరికైనా చూపించొచ్చు.

పైగా నాకు జరిగిందంతా పట్టపగలు జరిగింది. పైన ఫ్యాను తిరుగుతూ, వీధిలో కూరగాయల బండివాడు కేకలు వేస్తూ ఉండగా జరిగింది. అందుకే ఇది చెప్పాలంటే భయం కన్నా సిగ్గు ఎక్కువగా ఉంటుంది.

ఏలూరులో మాకొక చిన్న ల్యాబ్ ఉంది. కొల్లేటి చుట్టుపక్కల రైతులు తమ రొయ్యల చెరువుల్లోంచి నీళ్ళు, రొయ్యలు పంపిస్తే పరీక్ష చేసి రిపోర్టు ఇస్తాం. ఎక్కువగా అడిగేది తెల్లమచ్చ రోగం గురించే. అది మనుషులను ఏమీ చెయ్యదు గానీ, చెరువులో పడిందంటే చూస్తూండగానే చెరువు ఖాళీ అవుతుంది. రిపోర్టు పాజిటివ్ అని తెలిసిన వెంటనే రైతు పట్టుబడి పెట్టించి, అంటే చెరువులో రొయ్యలన్నీ పట్టించి, రొయ్య బతికుండగానే అమ్ముకోవాలి.

అసలు మెలిక ఇక్కడ ఉంది. సంగతి రైతుకు మాత్రమే తెలిస్తే, నలుగురు కొనేవాళ్ళకు ఫోన్ చేసి నడుస్తున్న రేటుకు అమ్ముకుంటాడు. కొనేవాడికి ముందే తెలిసిపోయిందా, వాడు గట్టు మీద నిలబడి తనకు తోచిన రేటు చెబుతాడు. మిగతావాళ్ళను ఆ వైపు రానివ్వడు. రైతు గొంతులో వెలక్కాయ పడినట్టు నిలబడి, అడిగిన రేటుకు ఇచ్చెయ్యాలి. కాబట్టి మా ల్యాబ్‌కు యంత్రాలు పెద్ద ఆస్తి కావు. వీళ్ళ దగ్గర మాట బయటికి పోదు అన్న పేరే ఆస్తి.

ఆ ల్యాబ్ నాదీ, విశ్వనాథం మాస్టారిదీ. ఆయన తాడేపల్లిగూడెం కాలేజీలో నాకు పాఠాలు చెప్పారు. రిటైరయ్యాక, నేను ల్యాబ్ పెడుతున్నానని తెలిసి తనూ వస్తానన్నారు. గూడెం నుంచి రోజూ రైల్లో వచ్చేవారు. నేను మా నాన్నతో మాట్లాడిన దానికన్నా ఆయనతో మాట్లాడిందే ఎక్కువ.

రిపోర్టులు మెయిల్లో పంపాలన్నది ఆయన ఆలోచన. అందరూ వాడే ఉచిత మెయిల్ వద్దన్నారు. రైతుల గుట్టు పరాయి కంపెనీ కంప్యూటర్లో ఎందుకు, మన గదిలోనే ఉండాలి అన్నారు. ఆ వయసులో ఇంటర్నెట్లో వెతుక్కుంటూ, చదువుకుంటూ, ఒక పాత కంప్యూటర్ మీద సొంతంగా మెయిల్ సర్వర్ పెట్టారు. చెప్పినంత తేలిక కాదది. మొదట్లో మేం పంపినవన్నీ రైతుల స్పామ్‌లో పడేవి. పెద్ద కంపెనీల సర్వర్లు మాలాంటి చిన్న సర్వర్‌ను గుమ్మంలోనే నిలబెట్టి, నీ చిరునామా నిజమేనా, నీ సంతకం ఏదీ అని నిలదీసేవి. ఆయన విసుక్కోకుండా ఒక్కొక్కటే సరిచేశారు. మా సర్వర్ సంతకాన్ని అవతలివాళ్ళు ఒప్పుకున్న రోజున వేడి బజ్జీలు తెప్పించి, ఇంటర్ పాసైన కుర్రాడిలా సంబరపడ్డారు.

ఆయనకొక పద్ధతి ఉండేది. సర్వర్ సెట్టింగులున్న ఫైల్లో ఏ మార్పు చేసినా, దాని పైన ఎందుకు చేశారో ఒక వాక్యం రాసేవారు. పాస్‌వర్డ్ నాకూ చెప్పారు గానీ ఆయన ఉండగా దాన్ని ముట్టుకునే పని నాకెప్పుడూ పడలేదు.

ఇంకో పద్ధతి కూడా ఉండేది. దాన్ని నేను కనబడినవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయేవాణ్ణి. రిపోర్టు బాగుంటే నేరుగా రైతుకు పంపెయ్యొచ్చు. పాజిటివ్ వస్తే మాత్రం ముందు ఆయన మెయిల్‌కు పంపాలి. ఆయన రైతుకు ఫోన్ చేసి, "ఏవండీ, భోంచేశారా?" అని మొదలుపెట్టి, మంచీ చెడూ అడిగి, మెల్లగా సంగతి చెప్పి, ఆ తర్వాత రిపోర్టు పంపేవారు. చెడ్డ కబురు ముందు మనిషి గొంతుతో వెళ్ళాలి, కాగితం తర్వాత వెళ్ళాలి అనేవారు. ఒక్కోసారి ఫోన్ వెంటనే చేసేవారు కాదు. రైతు మేత వేసే టైము, కాసేపాగి చేద్దాం అని టీ తాగేవారు. ఆ తొందరలేనితనం కూడా నాకు పెద్దరికంలాగే కనబడేది.

కొల్లేటికోటలో లక్ష్మీకాంతంగారని ఒకావిడ ఉన్నారు. భర్త పోయాక చెరువు తనే చూసుకుంటున్నారు. ఒకసారి ఆవిడ చెరువుకు పాజిటివ్ వచ్చింది. మాస్టారు ఫోన్ చేసేసరికే కొనుగోలు ఏజెంటు ఆవిడ గట్టు మీద ఉన్నాడు. పంట అయినకాడికి పోయింది. మర్నాడు ఆవిడ తిన్నగా మా ల్యాబ్‌కు వచ్చారు. అరవలేదు, ఏడవలేదు. నిలబడే అడిగారు.

"మా చెరువు సంగతి నాకన్నా ముందు ఎవరికి చెప్పారండీ?"

నాకు ఒళ్ళు మండిపోయింది. మమ్మల్నా ఈ మాట అంటున్నది అనిపించింది. పక్క కుర్చీలో ఉన్న మాస్టారి భుజం మీద చెయ్యి వేసి, మాస్టారి మీద ఒట్టు, ఈ గదిలోంచి మాట బయటికి పోలేదని చెప్పాను. మాస్టారు లేచి వెళ్ళి, గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఆవిడ చేతికి ఇచ్చారు.

ఆవిడ నీళ్ళు తాగి, "మీరు ఒట్టేశారు కాబట్టి నమ్ముతున్నానండీ," అని వెళ్ళిపోయారు. ఆ తర్వాత కూడా పరీక్షలకు మా దగ్గరికే పంపుతూ వచ్చారు.

ఇది జరిగిన కొన్నాళ్ళకు మాస్టారు గూడెంలో వాళ్ళింట్లోనే గుండెపోటుతో పోయారు. పన్నెండు రోజులూ నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. పిలవాల్సినవాళ్ళను పిలిచాను, వడ్డించాను, అందరూ వెళ్ళాక వెనక గదిలో కూర్చుని ఏడ్చాను.

ల్యాబ్ పని మొత్తం నా మీద పడింది. ముందు ఫోన్ చేసే పద్ధతి నా వల్ల కాలేదు. పాజిటివ్ అయినా కాకపోయినా రిపోర్టు తయారవగానే నేరుగా రైతుకు పంపెయ్యడం మొదలుపెట్టాను. అప్పటి నుంచీ మొదలైంది.

రిపోర్టు రాలేదండీ అని ఒక రైతు ఫోన్ చేశాడు. పంపానే అనుకుంటూ, ఫలితం ఫోన్లోనే చెప్పాను, పాజిటివ్ అని. మాట్లాడుతూండగానే, ఇదుగో ఇప్పుడు వచ్చిందండీ అన్నాడు. ఇంటర్నెట్ నెమ్మదిగా ఉందేమో అనుకున్నాను. తర్వాత ఇంకొకరు. మళ్ళీ ఇంకొకరు. అన్నిసార్లూ ఒకటే తంతు. నేను నోటితో చెప్పేదాకా రిపోర్టు వెళ్ళేది కాదు, చెప్పగానే వెళ్ళిపోయేది. ఇలా ఆగేవన్నీ పాజిటివ్ రిపోర్టులే అని గమనించడానికి నాకు చాలా రోజులు పట్టింది. గమనించాక కూడా నమ్మలేదు, కావాలని పరీక్షించి చూశాను. బాగున్న రిపోర్టు, బాగోలేని రిపోర్టు ఒకదాని వెనక ఒకటి పంపేవాణ్ణి. మంచిది రెప్పపాటులో చేరేది. రెండోది ఆగిపోయేది.

సర్వర్‌కు అది తెలిసే దారి లేదు. మెయిల్ పైన నమూనా నంబరు తప్ప ఏమీ ఉండదు. రిపోర్టు ఫైల్‌కు తాళం వేసి పంపుతాం, రైతు తన ఫోన్ నంబరు కొడితేనే తెరుచుకుంటుంది. లోపల ఏముందో చదవమని ఆ కంప్యూటర్‌కు ఎవరూ నేర్పలేదు.

మొదటిసారి సర్వర్ లోపలికి వెళ్ళి చూశాను. బయటికి వెళ్ళాల్సిన మెయిళ్ళు కాసేపు నిలిచే వరస ఒకటి ఉంటుంది, దాన్ని క్యూ అంటారు. అవతలి సర్వర్ దొరక్కపోతే, మళ్ళీ ప్రయత్నిస్తానని అక్కడ కారణం రాసి ఉంటుంది. మా మెయిళ్ళకు ఏ కారణమూ లేదు. పక్కన ఆశ్చర్యార్థకం గుర్తు ఉంది. ఎవరో మనిషి కావాలని ఆపి ఉంచితేనే ఆ గుర్తు పడుతుంది. అలా ఆపిన మెయిల్ మనిషి వదిలితే తప్ప కదలదు. ఆపమని నేను చెప్పలేదు, వదలమనీ చెప్పలేదు. ఆ పాస్‌వర్డ్ తెలిసిన రెండో మనిషి బూడిద గోదావరిలో కలిసిపోయింది.

సెట్టింగులన్నీ వెతికాను, ఆపమనే ఆదేశం ఎక్కడా లేదు. ప్రోగ్రాం మొత్తం తీసేసి మళ్ళీ ఎక్కించాను. మార్పు లేదు.

అలా వెతుకుతూండగానే రెండో సంగతి బయటపడింది. క్యూలో ఆగిన మెయిల్ కింద, అది ఎవరికి వెళ్ళాలో చిరునామా ఉంటుంది. రైతు చిరునామా కింద ఇంకో చిరునామా కనబడింది. నేను రాసింది కాదు. మామూలుగా మెయిల్ క్షణంలో వెళ్ళిపోతుంది కాబట్టి ఇన్నాళ్ళూ అది ఎవరి కంటా పడలేదు. సెట్టింగుల్లో చూస్తే ఒక ఆదేశం ఉంది. ఈ సర్వర్ మీదుగా పోయే ప్రతి మెయిల్‌కూ, గుట్టుగా, ఒక నకలు ఆ చిరునామాకు పంపమని.

ఎవడో దొంగ సర్వర్లోకి దూరాడనుకున్నాను. మాస్టారు పెట్టింది కాదని నాకు నేనే సాక్ష్యం కూడా చెప్పుకున్నాను. ప్రతి మార్పు మీదా ఎందుకో రాసే మనిషి, దీని పైన ఒక్క ముక్క కూడా రాయలేదు కదా అని. ఆ ఆదేశం తీసేశాను, పాస్‌వర్డ్ మార్చాను. మాస్టారు ఉంటే ఈ దొంగను ఇట్టే పట్టేసేవారు అనుకున్నాను కూడా. ఆ అనుకోవడం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే జాలేస్తుంది.

దొంగను నేను వెతకనక్కర్లేకపోయింది. మర్నాడు తనే వచ్చాడు. పేరు గోపి, మాస్టారి అక్కకొడుకు, రొయ్యల కొనుగోలు ఏజెంటు. లక్ష్మీకాంతంగారి గట్టు మీద ఆ రోజు నిలబడ్డవాడు కూడా వాడేనని నాకు అప్పటిదాకా తెలియదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మావయ్య పోయిన కాణ్ణుంచీ చెడ్డ రిపోర్టులు ఆలస్యంగా వస్తున్నాయండీ. నేను వెళ్ళేసరికే రైతు బేరం ఆడేసుకుంటున్నాడు. నిన్నటి నుంచి అసలేవీ రావట్లేదు. సర్వర్లో ఏమైనా తేడా వచ్చిందాండీ?"

నా ముఖంలో ఏం కనబడిందో, వాడు కాస్త సర్దుకున్నాడు.

"మీకూ తెలుసనుకున్నానండీ. రైతుల నంబర్లన్నీ నా దగ్గర ఉంటాయి కదా, కొట్టి చూసి ఫైల్ తెరిచేసేవాణ్ణి. మావయ్య రైతుకు ఫోన్ చెయ్యడానికి కాస్త టైము తీసుకునేవారు కదా. ఆ కాస్త టైములోనే నేను గట్టు మీదికి చేరేవాణ్ణి."

నేను కొట్టలేదు. తిట్టలేదు కూడా. వెళ్ళమన్నాను, వెళ్ళాడు.

వాడు వెళ్ళాక మాస్టారి ఖాళీ కుర్చీ వైపు తిరిగాను. నకలు పెట్టినందుకు వచ్చిన కోపం ఒక ఎత్తు. ఆ టీ, ఆ 'భోంచేశారా', ఆ మెల్లగా మాట్లాడే మర్యాద, నేను ఊరంతా చెప్పుకున్న పద్ధతి, ఇదంతా మేనల్లుడు గట్టు చేరడానికి ఇచ్చిన వ్యవధి అని తెలియడం ఒక ఎత్తు. నేను నా చెయ్యి ఆయన భుజం మీద వేసి ఒట్టు పెట్టినప్పుడు ఆ భుజం కదలలేదు. ఎలా కదలకుండా ఉందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నన్ను అంత బాగా ఎరిగినవాడు నన్ను అంత తేలిగ్గా మోసం చేశాడు. గూడెం వెళ్ళి ఆయన భార్యను అడుగుదామనుకున్నాను. ఆవిడ ముఖం గుర్తొచ్చి మానుకున్నాను. ఎందుకు చేశారో చెప్పాల్సిన మనిషి చెప్పకుండానే వెళ్ళిపోయాడు.

నకలు తీసేశాక కూడా పాజిటివ్ రిపోర్టులు ఆగడం మానలేదు. నేను ఫోన్ చేసి చెబితేనే వెళ్ళేవి.

కొన్ని రోజులకు లక్ష్మీకాంతంగారి చెరువు నమూనా వచ్చింది. పాజిటివ్. ఈసారి కూడా పంట పోతే ఆవిడ చెరువు వదులుకోవాల్సిందేనని నాకు తెలుసు. రిపోర్టు పంపాను. క్యూలో చూశాను. ఆశ్చర్యార్థకం.

అంతవరకూ అణుచుకున్న కోపమంతా ఒక్కసారి పైకి వచ్చింది. పోయాక కూడా నా మీద పెత్తనమా అనుకున్నాను. ఖాళీ కుర్చీకేసి చూస్తూ పైకే అన్నానేమో, బయట నుంచి మా ల్యాబ్ అమ్మాయి తొంగి చూసింది. సర్వర్ ప్లగ్ పీకేశాను. కరెంటు పోతే ఆదుకోవడానికి పెట్టిన బ్యాటరీ తీగ కూడా ఊడదీసి బల్ల మీద పడేశాను. లైట్లు ఆరిపోయాయి, లోపలి ఫ్యాను ఆగిపోయింది. ల్యాబ్ అమ్మాయి కూడా చూసింది.

ఆవిడకు ఫోన్ చెయ్యొచ్చు. కానీ నేను చెప్పాల్సింది రిపోర్టు ఒక్కటే కాదు. నా ఒట్టు అబద్ధమైందని కూడా చెప్పాలి. అది ఫోన్లో చెప్పే మాట కాదు. బండి తీసుకుని కైకలూరు మీదుగా కొల్లేటికోట వెళ్ళాను.

ఆవిడ చెరువు గట్టు మీదే ఉన్నారు. నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి. రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే ట్రేను పైకి లాగి, మిగిలిపోయిన మేతకేసి చూస్తున్నారు. దగ్గరికి వెళ్ళి నోరు తెరిచాను. ఏం మాటలతో మొదలుపెట్టాలో దారి పొడవునా అనుకుంటూ వచ్చాను. ఆ మాటలేవీ రాలేదు.

"ఏవండీ, భోంచేశారా?" అన్నాను.

అది మాస్టారి మాట అని, నా నోట్లోంచి విన్నాక గానీ తట్టలేదు. అక్కడితో ఆపి, చెరువుకు పాజిటివ్ వచ్చిందని, ఈ సంగతి మీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదని, వెంటనే పట్టుబడి పెట్టుకోమని చెప్పాను. ఆ చివరి మాట పూర్తవుతూండగా ఆవిడ చేతిసంచిలో ఫోన్ మోగి ఆగింది. తీసి చూసుకుని నాకు చూపించారు. మా ల్యాబ్ నుంచి మెయిల్. ఆవిడ రిపోర్టు.

ఎలా పంపారని ఆవిడ అడిగారు. నాకు తెలియదన్నాను. అక్కడే గట్టు మీద కూర్చుని మిగతాది కూడా చెప్పేశాను, నకలు సంగతి, గోపి సంగతి, నా ఒట్టు సంగతి. ఆవిడ అడ్డు రాకుండా విన్నారు. చివరికి, "ఆ రోజు ఆయన నాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారండీ," అన్నారు. అంతే అని లేచి, కొనేవాళ్ళకు ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టారు. సాయంత్రంలోగా పట్టుబడి అయిపోయింది, నడుస్తున్న రేటే వచ్చింది. గోపి ఆ దరిదాపులకు రాలేదు. ఆవిడ చెరువు ఇప్పటికీ ఆవిడ చేతిలోనే ఉంది.

ఆవిడ ఫోన్లోని మెయిల్‌ను అక్కడే పూర్తిగా తెరిచి చూశాను. ప్రతి మెయిల్ వెనకా అది ఏ సర్వర్ నుంచి బయల్దేరిందో, అవతలివాళ్ళు ఎప్పుడు అందుకున్నారో రాసి ఉంటుంది. బయల్దేరింది మా సర్వర్. అందుకున్నది నేను గట్టు మీద మాట్లాడుతున్న సమయానికి. మా సంతకం సరిపోయింది. ఆ సంతకం చేసే తాళంచెవి, అంటే రహస్య సంకేతం, ఆ కంప్యూటర్లో తప్ప మరెక్కడా లేదు.

ల్యాబ్‌కు తిరిగొచ్చి చూస్తే ప్లగ్ నేను పీకినచోటే నేల మీద ఉంది. బ్యాటరీ తీగ బల్ల మీద ఉంది. ఎవరూ ముట్టుకోలేదని ల్యాబ్ అమ్మాయి చెప్పింది. మళ్ళీ వెలిగించి చూశాను. క్యూ ఖాళీ. సర్వర్ చేసిన పనులన్నీ వరసగా రాసుకునే చోట, చివరి వాక్యం ఆ మెయిల్‌ను ఆపినట్టే ఉంది. పంపినట్టు లేదు.

ఈ విద్య తెలిసినవాడొకడు నాకు నచ్చజెప్పాడు. ప్లగ్ పీకే ముందే మెయిల్ వెళ్ళిపోయి ఉంటుందని, ఆ సంగతి రాసుకునేలోపు కరెంటు పోయి ఉంటుందని, అవతలివాళ్ళు ఆలస్యంగా అందుకుని ఉంటారని. అయ్యుండొచ్చు. నేను కాదనను. మరి పాజిటివ్ వాటినే ఏరి ఎలా ఆపిందన్నది మాత్రం అతని లెక్కలో ఇమడలేదు.

ఇప్పుడు డబ్బు కట్టి బయటి కంపెనీ మెయిల్ వాడుతున్నాం. ఏదీ ఆగడం లేదు. ఆ పాత కంప్యూటర్ అటక మీద ఉంది, పారెయ్యడానికి చెయ్యి రాలేదు, మళ్ళీ వెలిగించడానికీ రాలేదు. పాజిటివ్ వస్తే నేనే ముందు ఫోన్ చేస్తున్నాను, టీ తాగకుండా.

ఆయన చేసినదాన్ని దిద్దుకోవడానికే వచ్చారని మా ఆవిడ అంటుంది. అదే నిజమైతే నాకు కోపం ఇంకా పెరుగుతుంది. చచ్చిపోయి, కరెంటు లేని సర్వర్లోంచి కొల్లేటికోట దాకా కబురు పంపగలిగిన మనిషి, బతికుండగా పక్క కుర్చీలో ఉన్న నాకు ఆ ఒక్క మాట ఎందుకు చెప్పలేకపోయాడో నాకు ఇప్పటికీ తెలియదు.